సోమలింగం షాపులో ఎర్రగీత మాత్రలు

ఎర్రకొండ అడవిలో వైద్యం చేసేది ఒక్కరే, కొండముచ్చు డాక్టరు కోటమ్మ. ఆవిడ కొండ మీద ఉంటుంది. మందుల షాపేమో కొండ కింద, వాగు దాటే చోట. దాన్ని నడిపేవాడు సోమలింగం అనే నక్క. షాపు గోడకు వేలాడే సర్టిఫికెట్టు మాత్రం కూర్మారావు అనే తాబేలుది. మందుల చదువు చదివింది ఆయనే. అలా చదివినవాళ్ళు షాపులో స్వయంగా కూర్చుని, డాక్టరు చీటీ చూసి, ఎంత వాడాలో ఎలా వాడాలో చెప్పి మరీ మందివ్వాలని అడవి రూలు. కూర్మారావు ఆ సర్టిఫికెట్టును నక్కకు అద్దెకిచ్చేసి, తను మడుగులో చల్లగా పడుకునేవాడు. చదువుకున్న ప్రాణికి ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా!

ఇంకో రూలు కూడా ఉంది. షీటు మీద నిలువునా ఎర్రగీత ఉన్న మాత్రలు డాక్టరు చీటీ లేనిదే ఎవరికీ ఇవ్వకూడదు. ఒకరిని బతికించే మాత్ర ఇంకొకరికి పడకపోవచ్చు, ప్రాణం మీదికీ తేవచ్చు. సోమలింగం ఈ రూలును పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించాడు. రాయించి, దాని ముందే కూర్చుని దాన్ని తుంగలో తొక్కేవాడు.

ఒకరోజు పొద్దున్నే సుంకులమ్మ అనే మేక కొండ దారి పట్టి ఆదరాబాదరా పోతోంది. సోమలింగం షాపులోంచి తల బయటపెట్టాడు.

"ఏంటక్కా ఆ పరుగు? ఎక్కడికి?"

"డాక్టరమ్మ దగ్గరికన్నా. మా బుజ్జోడికి ఒళ్ళు కాలిపోతోంది. రెండు రోజులుగా ఒకటే దగ్గు. ఆవిణ్ణి కిందికి రమ్మందామని."

"ఆవిడ వస్తే చేసేదేముంది? నాలుక చాపమంటుంది, వీపు మీద చెవి పెడుతుంది, చివరికి నా దగ్గరికే పంపుతుంది. ఆ మందేదో నేనే ఇస్తాగా!"

"చీటీ ఉండాలంటారు కదన్నా?"

"చీటీలన్నీ కొత్తవాళ్ళకి. మనలో మనకెందుకక్కా? ఇలాంటి దగ్గులు ఎన్ని చూడలేదు నేను!"

"పోనీ కూర్మారావుగారిని ఒక మాట అడిగితే..."

"ఇప్పుడే భోజనానికెళ్ళాడు. ఎప్పుడొస్తాడో ఏమో!"

కూర్మారావు ఆ భోజనానికి వెళ్ళి రెండు వానాకాలాలు దాటాయి. ఆ సంగతి సుంకులమ్మకేం తెలుసు? ఇంటి దగ్గర బిడ్డ ఒంటరిగా మూలుగుతున్నాడు. షాపు చూస్తే కళ్ళముందు ఉంది, కొండ చూస్తే ఆకాశంలో ఉంది. సోమలింగం చేతిలో పెట్టిన మాత్రలు తీసుకుని వెనక్కి తిరిగింది. పిల్లవాడి వయసెంత, బరువెంత, ఇంతకుముందు ఏ మందైనా పడలేదా అని సోమలింగం ఒక్క మాట అడిగితే ఒట్టు.

మాత్ర మింగిన కాసేపటికే బుజ్జోడి మొహం వాచింది. కళ్ళు పూడుకుపోయాయి. ఊపిరి ఈలలా కూయడం మొదలుపెట్టింది. బిడ్డను వీపున వేసుకుని ఆ కొండంతా ఎలా ఎక్కిందో సుంకులమ్మకే తెలియదు.

కోటమ్మ చకచకా ఏవో మందులు పట్టించి, ఊపిరి కాస్త కుదుటపడ్డాక గానీ సుంకులమ్మ వైపు తిరగలేదు.

"ఏం మింగించావు?"

"ఎర్రగీత మాత్ర డాక్టరమ్మా. సోమలింగం ఇచ్చాడు."

"వీడు పాలు తాగే వయసులో ఎప్పుడైనా మందు వేస్తే ఒంటి నిండా దద్దుర్లు వచ్చాయా?"

"వచ్చాయమ్మా! అప్పుడు మేం వాగు అవతల ఉండేవాళ్ళం, ఆ సంగతి ఇక్కడెవరికీ తెలీదు."

"ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే వీడికి ఈ గతి పట్టేది కాదు." కోటమ్మ కోపంగా అంది. "ఇంతా చేసి, ఈ దగ్గుకి ఆ మందే అక్కర్లేదు. ఇంకాస్త ఆలస్యమైతే నా దగ్గరా మందు ఉండేది కాదు, సుంకులమ్మా."

సుంకులమ్మకు ముందు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ తరవాత ఒళ్ళు మండిపోయింది. బిడ్డను డాక్టరమ్మ దగ్గరే ఉంచి, నేరుగా షాపుకొచ్చి నిలదీసింది. సోమలింగం చేతులు దులుపుకున్నాడు. అంతటితో ఊరుకుంటేనా! వచ్చేపోయే వాళ్ళందరికీ కొత్త కథ చెప్పడం మొదలుపెట్టాడు. సుంకులమ్మే వచ్చి కాళ్ళావేళ్ళా పడితే జాలిపడి ఇచ్చాడట. కన్నతల్లికే జాగ్రత్త లేకపోతే తనేం చేస్తాడట. సాయంత్రానికల్లా అడవిలో సగం మంది ఆమెను చూసి గుసగుసలాడటం మొదలైంది. కొడుకు ఇంకా లేచి నిలబడలేదు, తల్లి మీద మాత్రం బిడ్డను చంపుకోబోయిందన్న ముద్ర పడిపోయింది!

మర్నాడు వాగు ఒడ్డున పంచాయితీ జరిగింది. పెద్దరికం వరహాలయ్య అనే ముసలి అడవిపందిది. తెలిసి తప్పు చేసినవాడి షాపు శాశ్వతంగా మూసేయాలి, తెలియక చేసినవాణ్ణి మందలించి వదిలేయాలి. అక్కడి పద్ధతి అది.

ముందు కూర్మారావును పిలిచారు. ఆయన తల సగం లోపల పెట్టుకునే సమాధానం చెప్పాడు.

"నేను షాపులో లేను గానీ, నా సర్టిఫికెట్టు ఉందండి."

"సర్టిఫికెట్టు నోరు తెరిచి చెబుతుందా, ఈ మందు నీకు పడదని?" వరహాలయ్య గుర్రుమన్నాడు. కూర్మారావు మిగిలిన సగం తల కూడా లోపలికి లాక్కున్నాడు.

"ఆ తల్లే అడిగిందయ్యా," అన్నాడు సోమలింగం.

"అడగలేదు," అంది సుంకులమ్మ. "ఒకవేళ అడిగాననే అనుకో. అడిగినా ఇవ్వకూడదనే కదా రూలు పెట్టింది! బిడ్డ జ్వరంతో కాలిపోతుంటే ఏ తల్లయినా ఏదైనా అడుగుతుంది. ఇవ్వనని చెప్పడానికేగా నువ్వక్కడ కూర్చున్నది!"

సోమలింగానికి ఆ దారి మూసుకుపోయింది. వెంటనే కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకున్నాడు.

"చదువూ సంధ్యా లేని నక్కను దొరా! గోడ మీద రాయించిన రూలు చదవడమైనా రాదు. ఆ ఎర్రగీత అందం కోసం వేశారనుకున్నా. తెలిస్తే ముట్టుకుందునా? నాకూ ఒంట్లో బాగుండటం లేదు. జ్వరం, దగ్గు... ఖళ్, ఖళ్! ఈ షాపు కూడా లేకపోతే చచ్చిపోతా... ఖళ్!"

"అయ్యో పాపం," అంది ఒక కుందేలు. ఇంకో రెండు గొంతులు వంతపాడాయి. వరహాలయ్య కూడా మెత్తబడ్డాడు. "తెలియక చేసినట్టే ఉంది," అంటూ గొంతు సవరించుకున్నాడు.

సుంకులమ్మ ఆ దగ్గునే వింటోంది. రెండు రోజులపాటు కన్నకొడుకు దగ్గు విన్న తల్లి ఆమె. అసలు దగ్గు పొట్టను మెలిపెట్టి మరీ వస్తుంది. ఈ దగ్గేమో వరహాలయ్య నక్క వైపు చూసినప్పుడే వస్తోంది. ఆమె ముందుకొచ్చి, షీటులో మిగిలిన మాత్రను సోమలింగం ముందు పెట్టింది.

"అన్నా, నువ్విచ్చిన వాటిలో ఒకటి మిగిలింది. మా బుజ్జోడిదీ నీలాగే జ్వరం, దగ్గూ. మింగు, తగ్గిపోతుంది."

సోమలింగం ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎందుకులే అక్కా... అదే పోతుంది."

"చచ్చిపోతానంటివి కదన్నా! నీళ్ళు తెమ్మంటావా?"

"మింగవయ్యా," అన్నాడు వరహాలయ్య. "నీ షాపులోదేగా!"

"అది కాదండీ... పరగడుపున..."

"మా వాడూ పరగడుపునే మింగాడు," అంటూ సుంకులమ్మ మాత్రను అతని మూతి దగ్గరికి నెట్టింది.

సోమలింగం ఎగిరి దూరంగా దూకాడు. "పిచ్చిదానా, తియ్యి దాన్ని! నిరుడు ఈ మాత్రకే గొంతు వాచి చావు తప్పించుకున్నా! చీటీ లేకుండా, డాక్టరమ్మ చూడకుండా ఎర్రగీత మాత్ర ఎవడైనా మింగుతాడా?"

తన నోటి నుంచి ఏం వచ్చిందో సోమలింగానికి అప్పుడు అర్థమైంది. దగ్గుదామని నోరు తెరిచాడు, దగ్గు రాలేదు.

"నీ గొంతుకైతే చీటీ కావాలి," అంది సుంకులమ్మ. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. "నా బిడ్డది గొంతు కాదా?"

"పాపం" అన్న కుందేలు తల దించుకుంది. వరహాలయ్య లేచి, ఇక ఆలోచించడానికేమీ లేదన్నాడు. కూర్మారావు సర్టిఫికెట్టు లాక్కున్నారు. షాపు మూసేశారు. మళ్ళీ మందుల జోలికొస్తే అడవిలోనే ఉండనివ్వబోమని హెచ్చరించి సోమలింగాన్ని అక్కణ్ణుంచి తరిమేశారు. అతను ఎక్కడా ఆగకుండా, దగ్గకుండా పరిగెత్తాడు.

నీతి: తాను మింగడానికి భయపడే మందును పరాయి బిడ్డకు అమ్మినవాడికి, తెలియక చేశానని చెప్పుకునే హక్కు లేదు.