ముసలి మేక నెమరు ముద్ద

మా ఆశ్రమం పెద్ద కొండప్పయ్యగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ముందు చేతిలో ఉన్న పని ముగిస్తారు, తరువాత మనకొక పని పురమాయిస్తారు. అది పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్నే గుర్తుండదు. ఆశ్రమంలోనే ఉండే ఓబులమ్మ మాత్రం అలా మరిచిపోయే మనిషి కాదు.

"అయ్యా, పుట్టుక గొప్పదా, పెంపకం గొప్పదా?" అని ఒకనాడు నిలదీసింది.

అది వేదాంతం కోసం అడిగిన ప్రశ్న కాదని ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఆవిడ ఒళ్లో మేకపిల్ల ఉంది. పుట్టింటి నుంచి తోలుకొచ్చిన మేకల సంతతిలో మిగిలింది అదొక్కటే. తల్లి ఈనగానే పోయింది. నిలువెత్తు తండ్రి పోతు నడిచి వస్తుంటే మనుషులే పక్కకు తప్పుకునేవారు. పిల్లకేమో ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు. వానలు మొదలైతే ఇది బతకదని మేమంతా అనుకుంటూనే ఉన్నాం గానీ, ఆవిడ ముందు నోరు విప్పే ధైర్యం ఎవరికుంది?

పెంపకంలో లోటా అంటే, రామ రామ! కన్నబిడ్డకైనా అంత చేయరు. కాచి చల్లార్చిన నీళ్లు, మెత్తని గంజి, పడుకోవడానికి ఉతికిన చీర. ఆశ్రమం మందలో కలిస్తే మురికి అంటుతుందని, మరో మేక కొరికిన కొమ్మ ఎంగిలని, పురిటినాటి నుంచీ వేరుగానే పెంచింది. ముద్దు ముదిరితే ఇంతే మరి.

అయ్యగారు మేకలు కాసే ఇంట పుట్టినవారు. పిల్ల పొట్ట తడిమి, చెవి ఆనించి విని, "మందలో ముసలిదాన్ని పట్టుకురండి" అన్నారు. తెచ్చాం. ఒక కొమ్ము విరిగి, చూడ్డానికి దిష్టిబొమ్మలా ఉంటుందది. తీరిగ్గా నెమరు వేస్తున్న దాని దవడ పట్టుకుని, నోట్లోంచి పచ్చటి ముద్దను వేలితో తీశారు. మేత అరగని జీవానికి ఆ ముద్ద తినిపించడమే కాపరులు చేసే వైద్యం.

"అయ్యో అయ్యో! నా బంగారానికి ఆ ముసలిదాని ఎంగిలా?" ఓబులమ్మ పిల్లను కొంగులో దాచేసుకుంది.

"తల్లీ, మేత అరిగించి కండ పట్టించేది మేక ఒక్కటే కాదు. దాని పొట్టలో కంటికి కనపడని జీవాలు కాపురముంటాయి. అవి మంద నుంచి రావాలి. నువ్వు వాటిని గడప దగ్గరే తరిమేశావు."

ఆయన గొంతులో కోపం లేదు. ముద్ద చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఓబులమ్మ ఆ ముద్దను చూసింది, పిల్లను చూసింది. కళ్ల నీళ్లు పెట్టుకుంటూనే పిల్ల నోరు తనే తెరిచింది.

ఆ తరువాత కొన్నాళ్లు ఆ వైద్యం సాగింది. పిల్లను మందలోనే వదిలేశారు. వానలు వచ్చాయి, పోయాయి. పిల్ల బతకడమే కాదు, తొడలు నిండి, భుజాలు తిరిగి, ఒకరోజు వెనక నుంచి వచ్చి ఓబులమ్మనే కుమ్మింది. ఆవిడ బురదలో చతికిలబడి, కడుపుబ్బ నవ్వింది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

కానీ ప్రశ్న వదిలిందా? బురద చీరతోనే అయ్యగారి దగ్గరకు వెళ్లింది. "అయితే పుట్టుకదేం లేదు కదయ్యా?"

"ఆ మేతే మేసి, ఆ మందలోనే పెరిగిన తక్కిన పిల్లలు దీని మోకాలికి రావడం లేదే!"

"మరి పుట్టుకే గొప్పదంటారా?"

అయ్యగారు మేకపిల్ల వీపు నిమిరారు.

"ఎముక తండ్రిదే తల్లీ. కండకు మాత్రం పదిమంది ఎంగిలి కావాలి."