బొల్లి గొర్రె పిలుపు

జొన్నచేల పక్క బీడులో గొర్రెల మంద దిగింది. పొద్దున్నే తల్లులు మేతకు పోతాయి, పిల్లలు తడకల దొడ్డిలో ఉంటాయి. సాయంత్రం ప్రతి తల్లీ తన పిల్లను పిలుస్తుంది. ఆ గొంతు గుర్తుపట్టి పిల్ల తడక సందులోంచి దూరి వచ్చి పాలు తాగుతుంది. పిలవలేని తల్లి దగ్గరికి పిల్ల రాదు.

బొల్లి గొర్రెకు గొంతువాపు వచ్చింది. రేపో ఎల్లుండో గొంతు పూర్తిగా పోయేలా ఉంది. దాని కూతురు మొగ్గకు ఇంకా వారం నిండలేదు. రోజూ తన వీపు మీద వాలే గోరింకను తోడు తీసుకుని బొల్లి కాలువ గట్టున ఉండే కొంగ పంతులు దగ్గరికి పోయింది.

“పంతులుగారూ, నా గొంతు పోయేలోపు నా పిలుపు రాసిపెట్టండి. అది చూసి నా బదులు ఎవరైనా పిలుస్తారు.”

కొంగ మోదుగాకు మీద ముక్కుతో ‘మే’ అని గీసింది.

“ఇది ఏ గొర్రెదైనా కావచ్చు కదండీ!”

“అయితే గుర్తులు పెడతాను. కానీ నీ పలుకు మరీ మోటుగా ఉందమ్మా. సింహంగారి కొలువులో పలికే తీరుకు దిద్దుతాను.”

తల్లుల గొంతులు దిద్దే అధికారం ఈ కొంగలకు ఎవరిచ్చారు? బొల్లికీ మండింది.

“దిద్దకండి. నా బిడ్డ కొలువుకు పోదు, నా పొదుగు దగ్గరికి వస్తుంది.”

కొంగ గొణుక్కుంటూనే ఉన్నదున్నట్టు గీసింది. సాగదీసే చోట గీత, ఆగే చోట చుక్క, గొంతు లేచే చోట కొక్కెం.

“ఇంత తంటా దేనికి వదినా? విన్నది విన్నట్టు నేను పలుకుతాగా!” అంటూ గోరింక పలికి చూపింది. తన గొంతు తానే విని బొల్లి కళ్లు చెమర్చాయి.

“నువ్వు ఎగిరిపోతే? ఆకు ఎక్కడికీ పోదు,” అంది కొంగ.

తుప్పల్లోంచి ఇదంతా విన్న నక్క, వాళ్లు వెళ్లాక వచ్చి దండం పెట్టింది. “గురువుగారూ, అక్షరం అందరిదీ! విద్యను దాచుకోవడం ద్రోహం! ఈ పామరుడికీ నేర్పండి.”

‘గురువుగారూ’ అన్న మాటకే కొంగ మెడ బారెడు సాగింది. ఇంకో ఆకు మీద బొల్లి పిలుపే గీసిచ్చి, ఒక్కో గుర్తూ పలికించి మరీ నేర్పింది.

మర్నాటికి బొల్లి గొంతు పోయింది. మధ్యాహ్నం మంద దూరాన మేస్తుండగా నక్క జొన్నచేలో దాక్కుని, ఆకు చూస్తూ పిలిచింది. అచ్చం బొల్లి గొంతే. మొగ్గ సందులోంచి తల బయటపెట్టింది.

“వచ్చేశావా అమ్మా? కాలికి ముల్లు గుచ్చుకుందే!”

నక్క ఆకు తిరగేసింది. ముల్లు సంగతి అందులో ఎక్కడా లేదు. మళ్లీ అదే పిలుపు పిలిచింది.

“నొప్పిగా ఉందే, నడవలేను.”

మళ్లీ అదే.

మొగ్గ తల లోపలికి లాక్కుంది. “నువ్వెవరో గానీ మా అమ్మవి కాదు. నేను ఏడిస్తే మా అమ్మ పిలుస్తూ కూర్చోదు, పరుగెత్తుకొస్తుంది.”

పిల్లలన్నీ ఒక్కసారిగా అరిచాయి. కాపలా కుక్క లేచి తరిమింది. నక్క చేనుకు అడ్డంపడి పారిపోయింది.

సాయంత్రం బొల్లి వచ్చింది, వీపు మీద గోరింకతో. గోరింక పిలిచింది. లోపల మొగ్గ ఏడ్చింది. బొల్లి ఒక్క ఉదుటున దొడ్డి చేరి, సందులోకి మూతి దూర్చి ఆ చిన్న కాలు నాకింది. కుంటుతూ బయటికొచ్చిన మొగ్గ తోకాడిస్తూ పొదుగు అందుకుంది.

దూరంగా గట్టు మీద ఖాళీ కడుపుతో కూర్చున్న నక్క చూసింది. “ఒక్క గుర్తు కూడా తప్పలేదే, నేనూ అదేగా పలికాను!”

పిలుపు ఎవరైనా నేర్చుకోవచ్చు. బదులు వినేవాళ్లే మనవాళ్లు.