రెండు కార్లు, నాలుగు వెనక చక్రాలు

తెలివిలో తమ ఇంటిని మించిన ఇల్లు జిల్లాలోనే లేదని సూరన్న, నూకరాజు, సింహాద్రి అనే ముగ్గురన్నదమ్ములకీ గట్టి నమ్మకం. వాళ్ళకి రెండు కార్లుండేవి. తాత కొన్న నల్ల కారు దొరల కాలం నాటిది, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితేగానీ స్టార్టవదు. నాన్న కొన్న ఎర్ర కారు దానికన్నా ముప్ఫయ్యేళ్ళు చిన్నది, తాళంచెవి తిప్పగానే పలుకుతుంది.

సింహాద్రికి పెళ్ళి కుదిరింది. పక్క ఊరి పేర్రాజు కూతురు పైడితల్లంటే వాడికి ప్రాణం. పేర్రాజేమో ముక్కోపి. పదకొండింటి ముహూర్తం దాటితే పిల్లని మేనల్లుడికిచ్చి చేసేస్తానని ముందే చెప్పాడు.

మరి ఏ కారులో వెళ్ళాలి? తాతదే గట్టిదని సూరన్న, నాన్నదే చురుకైందని నూకరాజు. పెళ్ళిరోజు పొద్దున్నే రెండు కార్లనీ వీపు వీపు ఆనించి నిలబెట్టి మోకుతో కట్టేశారు. ఏది రెండోదాన్ని లాగితే అదే గొప్ప. బాసికం కట్టుకున్న సింహాద్రిని తాత కారెక్కించి, బండి ఎంత మెత్తగా నడుస్తుందో చూసి చెప్పమన్నారు. మామగారు ఎదురొచ్చేదాకా దిగొద్దని కూడా చెప్పారు. అంతే, చెరో కారులో కూర్చుని తొక్కారు. ఇంకేముంది, వెనక చక్రాలు గిర్రున తిరిగి బురదలో సగానికి దిగిపోయాయి. కార్లు మాత్రం జానెడు కదల్లేదు.

అటుగా పోతున్న మెకానిక్ మస్తాన్‌ని పిలిచి ఏది మంచి కారో తేల్చమన్నారు. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"రెండూ ఒకటేనయ్యా. రెండిట్లోనూ బండిని నడిపేది వెనక చక్రాలే. వాటిని బురదలోంచి తీసుకుని బయల్దేరండి," అని తన దారిన పోయాడు.

సూరన్న చాలాసేపు ఆలోచించాడు. నడిపేవి అవే అయినప్పుడు మిగతా ఇనుమంతా మోసుకెళ్ళడం దేనికన్నాడు. అన్న తెలివికి నూకరాజుకి కళ్ళనీళ్ళొచ్చాయి. అంతే, జాకీ పెట్టి నాలుగు వెనక చక్రాలూ ఊడదీశారు. కార్లని ఇటుకల మీద నిలబెట్టి, చెరి రెండు చక్రాలూ దొర్లించుకుంటూ పరుగందుకున్నారు.

ముహూర్తానికి అరగంట ముందే పెళ్ళిపందిట్లోకి నాలుగు చక్రాలూ దొర్లాయి. పెళ్ళికొడుకేడని పేర్రాజు అడిగాడు.

"కారులో వస్తున్నాడండీ మావయ్యగారూ. చక్రాలొచ్చేశాయిగా, ఇంకెంతసేపు," అన్నాడు సూరన్న.

పేర్రాజు మేనల్లుణ్ణి కేకేసేవాడే. కానీ పైడితల్లి ఏడుపు లంకించుకుంది, సింహాద్రి తప్ప ఇంకెవరూ వద్దంది. చేసేదిలేక ఆయన కూతుర్నీ పురోహితుణ్ణీ జీపెక్కించి పెళ్ళికొడుకు ఇంటికే తోలాడు. అక్కడికి చేరేసరికి ముహూర్తానికి ఇంకా అయిదు నిమిషాలుంది. సింహాద్రి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అప్పుడే మీ ఊరొచ్చేసిందా మావయ్యా? కుదుపన్నదే తెలీలేదు," అన్నాడు.

తాళి ఆ కారు పక్కనే కట్టించారు. పాపం పేర్రాజు, నాకైతే ఆయన్ని తలుచుకుంటే జాలేస్తుంది. ఆయన చెమట తుడుచుకునేలోపే సింహాద్రి పెళ్ళాన్ని ఎర్ర కారెక్కించి, తాత బండి సంగతి తేలిపోయింది, ఇంటికి మాత్రం నాన్న బండిలో వెళ్దామని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇటుకల మీది కారులో ఇద్దరూ అలా కూర్చునే ఉన్నారు. కాసేపటికి పైడితల్లి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కాస్త నెమ్మదిగా పోనివ్వండి. నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది.