తగ్గిన కొవ్వు

డాక్టర్ వైశాలికి బంగారు పతకం ఉంది, దానికి తగ్గ ధీమా కూడా ఉంది. పెద్ద డాక్టరు కూర్మారావు గారి దగ్గర పని నేర్చుకోవడానికి శ్రీకాకుళం వచ్చిన నెలలోనే, ఇక నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదనిపించింది.

ఆ రోజు మైలపల్లి పోలయ్య వచ్చాడు. సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. ఒంట్లో హెచ్ఐవి కొత్తగా చేరిందని ఈమధ్యే తేలింది. మర్నాడే గుజరాత్‌లోని వెరావల్ రేవుకు బయల్దేరి, అక్కడ బోటెక్కాలి. తిరిగి రావడం వేసవికే.

"నానేటి మంచం ఎక్కేసినానా అమ్మా? వచ్చినాక ఏసుకుంతాను మందులు," అని బతిమాలాడు.

వైశాలి రిపోర్టులు తిరగేసింది. నిరుటికంటే కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. "కొవ్వు కూడా దిగింది, మంచిదే. వేసవిలోనే మొదలుపెడదాం లెండి," అంది.

పక్కనున్న కూర్మారావు గారు ఆ రిపోర్టులు తీసుకుని చూశారు. లేచి సూది తెచ్చి పోలయ్య చేతినుంచి కాస్త రక్తం తీశారు. "నీ చెయ్యి కూడా చాపమ్మా," అన్నారు వైశాలితో.

గడ్డకట్టకుండా మందు కలిపి, రెండు రక్తాలనూ సన్నటి గాజు గొట్టాల్లోకి ఎక్కించి, బల్ల మీద పక్కపక్కనే నిలబెట్టారు. "నేను వార్డు చూసొస్తాను. మీరిద్దరూ వీటిని చూస్తూ ఉండండి," అని వెళ్లిపోయారు.

ఈ మాత్రానికి తన రక్తం దేనికని వైశాలికి ఒళ్లు మండింది. గొట్టాలు ఆమె కోపాన్ని లెక్కచెయ్యలేదు. చూస్తుండగానే పోలయ్య గొట్టంలో ఎరుపు కిందికి జారిపోయింది, పైన పసుపు నీరు తేలింది. ఆమెది మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది.

"నాదేటమ్మా అలగ ములిగిపోతంది?" పోలయ్య గొట్టం మీదికి వంగాడు.

పరీక్షలో ఆమె పేజీ నిండా రాసిన సంగతే అది. లోపల పోరు మొదలైతే రక్తంలో వాపు ప్రొటీన్లు పెరుగుతాయి, ఎర్రకణాలను గుంపుకట్టించి కిందికి దించుతాయి. ఆ పోరులోనే కొవ్వు తగ్గుతుంది, మేలుచేసే కొవ్వుతో సహా. రాసింది, మార్కులు కొట్టేసింది, మర్చిపోయింది. వైశాలికి తల కొట్టేసినట్టయింది.

కూర్మారావు గారు తిరిగొచ్చేసరికి ఆమె వేసవిదాకా సరిపడే మందులు మూటకట్టి, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "మొదటి మాత్ర ఇప్పుడే, నా ముందే వేసుకోండి," అంది పోలయ్యతో.

అతను మాత్రను అరచేతిలో పెట్టుకుని పెద్దాయన వైపు చూశాడు. "బాబూ, నాకేటీ నొప్పి నేదు గదా?"

"నీకు లేదయ్యా, ఆ బాధంతా నీ నెత్తురే పడుతోంది," అన్నారు కూర్మారావు గారు. "దానికి కాస్త సాయం పంపు."