పిల్లి ఇసుక ఎత్తిన దాలమ్మ

అనగనగా, కోడి కంటే ముందు మగ్గం మేలుకునే ఊరొకటి ఉండేది. నూలుకు పెట్టిన గంజి వాసనకు అక్కడ ఎలుకలు వచ్చి పడేవి. అందుకని ఇంటికో పిల్లి. పిల్లి దొడ్డికి వెళ్ళడానికి మూలన ఇంత ఇసుక.

ఆ ఇసుక ఎవరు ఎత్తాలి? కడుపుతో ఉన్న కోడలే ఎత్తాలి. పిల్లికి కాన్పు సులువు కదా, దాని ఇసుక ఎత్తితే మనిషికీ సులువవుతుందట. ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఊరంతా నమ్మింది.

దాలమ్మ ఆ ఊళ్ళో మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుని బతికే ముసలిది. కండెలిస్తూ ఇంటింటికీ తిరిగేది. ఒక ఇంట్లో బిడ్డకు చూపు ఆనేది కాదు. ఇంకో ఇంట్లో బిడ్డ తల ఉబ్బి పుట్టింది. మూడో ఇంట్లో కడుపే నిలవలేదు. తల్లులకేమో ఒంట్లో ఏ జబ్బూ తెలియలేదు. నుదుటి రాత అన్నారు, దాలమ్మా అదే అనుకుంది.

అలా అనుకుంది, తన కోడలు నరసాలు నెల తప్పేదాకా. ఆ రోజు నుంచి ముసలిదానికి ముద్ద దిగలేదు. ఇసుక ముందు వంగిన కోడల్ని చూసి ఏదో అనుమానమొచ్చి, మళ్ళీ ఆ మూడిళ్ళకూ వెళ్ళింది.

"కడుపుతో ఉన్నప్పుడు ఇసుక ఎవరెత్తారమ్మా?"

"నానే," అంది మొదటి తల్లి. "నానే," అంది రెండో తల్లి. "నానే కదేటి," అంది మూడో తల్లి.

తర్వాత, బిడ్డ ఏ లోపమూ లేకుండా పుట్టిన నేతగాడు సూరయ్య ఇంటికి వెళ్ళింది. అతని బిడ్డ చురుగ్గా పాకుతూ వచ్చి ఆమె ఒళ్ళో కండె లాక్కుంది.

"మరి మీ ఇంట్లో?"

సూరయ్య సిగ్గుపడ్డాడు. "మా ఆడది కాలు ఇరగ్గొట్టుకుంది. నెలలు నిండేదాకా నానే ఎత్తాను."

దాలమ్మ ఇంటికి పరుగెత్తింది. నరసాలు అప్పుడే ఇసుక ముందు వంగుతోంది.

"ఒలే, నువ్వు ముట్టుకోకు. నానెత్తుతాను."

"కాన్పు కట్టమవదేటి, అత్తా?"

"అయితే అరుద్దువు గాని. అరుపు ఒక్క పూటే. గుడ్డితనం బతుకంతా."

ఊరు నవ్వింది. నమ్మిన కొందరేమో పిల్లుల్నే చంపేద్దామన్నారు. "సంపండి. ఎలకలు మన గంజి తాగి మన కోకలు కట్టుకుంటాయి," అంది దాలమ్మ. రోజూ నిలవుంచకుండా ఎత్తింది, ఊరవతల పూడ్చింది, బూడిదతో చేతులు తోముకుంది. పిల్లులు పెరట్లోనూ దొడ్డికి వెళ్తాయని, కోడలికి కూరాకు కూడా మూడుసార్లు కడిగి వండింది.

కాన్పు కష్టంగానే అయింది, ఆ మాట దాచడమెందుకు. ఆడపిల్ల పుట్టింది. మొదటి వారం దాలమ్మ ఎర్ర కండె ఊపింది. పిల్ల చూడలేదు. రెండో వారం ఊపింది. చూడలేదు. మూడో వారం ఊపితే ఆ చిన్ని కళ్ళు కండె వెంట మెల్లగా కదిలాయి. దాలమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. ఎన్ని నెలల భయమో ఒక్కసారిగా దిగిపోయింది.

తర్వాత ఏ ఇంట కోడలు నెల తప్పినా దాలమ్మే వెళ్ళి ఇసుక ఎత్తేది. ఆమె పోయిన రోజున ఆ పని ఎవరిదన్న మాట వచ్చింది. మొగుళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి సూరయ్య లేచాడు, వెనకాలే తక్కినవాళ్ళూ లేచారు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ కడుపు పండిన కబురు ఆడవాళ్ళు చెప్పరు. పొద్దున్నే మగాడెవడైనా పిల్లి ఇసుక ఎత్తుకుని వీధిలోకి వస్తే, అరుగు మీది ముసలివాళ్ళు అతన్నే అడుగుతారు.

"ఎన్నో నెల, బావా?"

అతనూ తన కడుపే అన్నంత గర్వంగా చెబుతాడు.