ఈదమ్మ మైనపు అంగీ

గాలికొండ మీద వేటాడటానికి రాజుగారికి మంచి అంగీ కావాల్సి వచ్చింది. ఆస్థాన దర్జీ వీరభోగయ్య మోయలేనంత బరువైన జరీ అంగీ తెచ్చాడు. తేనె తీసే చెంచు అవ్వ ఈదమ్మ మైనం రుద్దిన పల్చటి నూలు అంగీ తెచ్చింది.

“ఈ పేలిక గాలిని ఆపుతుందా? రాజుగారికి చలి సోకితే నీ తల ఉండదు!” అని గద్దించాడు దర్జీ.

“అయితే మీరే గాలి అవ్వండయ్యా,” అంటూ ఈదమ్మ తన అంగీని దీపానికి అడ్డంగా పట్టింది. “ఇందులోంచి ఊది దీపం ఆర్పండి.”

దర్జీ కళ్లు ఎర్రబడేదాకా ఊదాడు. దీపం కదల్లేదు. సభంతా నోరెళ్లబెట్టింది.

ఈసారి ఈదమ్మ జరీ అంగీ అడ్డుపెట్టి, పళ్లులేని నోటితో ఉఫ్ అంది. జరీ కుట్టిన సూది బెజ్జాల్లోంచి గాలి దూరి దీపం ఆరిపోయింది.

రాజుగారు సింహాసనం దిగి వచ్చి, ఆమె ముందు పసివాడిలా చేతులు చాచి నిలబడ్డారు.

“తొడుగవ్వా.”