నల్లరంగు పూసిన పైపు

నర్సింగ్‌కి సొంత షెడ్డు పెట్టుకోవాలని ఒకటే తొందర. పాతకాలం కార్లు బాగుచేసే ఖాదర్ ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాడు, నాకేం తక్కువ అనుకున్నాడు. కానీ ఉస్తాద్ షెడ్డుకో పద్ధతుంది. వెళ్లిపోయే శిష్యుడు ఆఖరి బండిని ఒక్కడే తయారుచేయాలి. నచ్చితే ఉస్తాద్ తను బోల్టులు బిగించే పానా చేతిలో పెట్టి పంపుతాడు. నచ్చకపోతే అంతే సంగతులు.

నర్సింగ్ వంతుకొచ్చింది తాతలనాటి కారు. మర్నాడు దాన్ని పాతకార్ల పోటీకి పంపాలి. ఇంజను తోమి తోమి పెట్టాడు, అబ్బో, అందులో మొహం చూసుకోవచ్చు! ఒక్క పెట్రోలు పైపు దగ్గరే చిక్కొచ్చింది. రబ్బరు ఎండి పగుళ్లిచ్చింది. పెట్రోలు కారిందంటే కిందనే కాలే సైలెన్సరు గొట్టం, భగ్గుమంటుంది. ఆ సైజు పైపు ఊరంతా తిరిగినా దొరకలేదు. పోటీలో బానెట్ ఎత్తి చూసేవాళ్లకి పైపైన కనిపించేదే కదా అని దానికి నల్లరంగు పూసేశాడు. పూసిందగ్గర్నుంచీ ఉస్తాద్‌కి ఎదురుపడాలంటే మొహం చెల్లలేదు.

పొద్దున్నే భార్య సుగుణ మిఠాయి డబ్బాతో, కూతురు లాస్యతో వచ్చింది. మొగుడు ఇవాళ ఉస్తాద్ అయిపోతాడని ఆమె సంబరం.

ఖాదర్ ఉస్తాద్ బానెట్ ఎత్తాడు. పైపు మీద వేలితో రాసి చూశాడు. నల్లబడ్డ ఆ వేలు పాంటుకి తుడుచుకుని బానెట్ మూశాడు.

"మస్తు మెరుస్తుంది బేటా. బిడ్డను పక్కన కూసోబెట్టుకొని ఒక చక్కర్ కొట్టి రా. బండి మంచిగ వేడెక్కాలె."

లాస్య ఒక్క గంతులో సీటెక్కింది. "జల్ది పోదాం నాయినా!"

నర్సింగ్ తాళంచెవి పెట్టాడు. తిప్పడానికి చెయ్యి రాలేదు. పొమ్మన్న ఉస్తాదే బండికి అడ్డంగా నిలబడి, అక్కణ్నుంచి కదల్లేదు.

"ఏమైందయ్యా, పోనియ్యరాదు?" అంది సుగుణ నవ్వుతూ. ఆ నవ్వు చూడలేకపోయాడు.

"దిగు బిడ్డా."

"ఎందుకు?"

"దిగమన్న గద!"

పిల్లను ఎత్తి కిందికి దించాడు. పెళ్లాం ముందు తల తీసేసినట్టయింది.

"పైపు మార్చలే ఉస్తాద్. రంగు పూసిన. నాకు పానా ఇయ్యకుండ్రి."

ఉస్తాద్ రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది. కొట్టలేదు. బెదిరిపోయిన లాస్యను ఎత్తుకుని, మెల్లగా అడిగాడు.

"నీ బిడ్డనైతే దించుకున్నవ్. మరి ఈ బండి ఎవలి బిడ్డ కోసం తయారుజేసినవ్ రా?"